గాజుపెట్టెలో బెల్టు

హనుమాన్ జంక్షన్,
20 ఆగస్టు 1975.

ఒరేయ్ సొలొమోనూ,

ఇక్కడ అంతా క్షేమం. నీకు పేగు జారిందనీ, డాక్టరు నడుముకు ఏదో బెల్టు కట్టుకోమన్నాడనీ మీ తమ్ముడు ఆమోసు చెప్పాడు. కట్టుకో. పంతానికి పోయి విప్పేయకు.

అసలు సంగతి రాస్తాను. మన మిషను బడికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. వచ్చే జనవరిలో స్వర్ణోత్సవం. పాత విద్యార్థుల సంఘానికి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. వద్దన్నాను, వినలేదు. డిప్యూటీ కలెక్టరుగా రిటైరైన మన రామకోటేశ్వరరావు కార్యదర్శి. మొన్న బడి స్టోరు గది శుభ్రం చేయిస్తుంటే పాత బీరువా వెనకాల ఏం దొరికిందో తెలుసా? తిమోతి హెడ్మాస్టరు గారి బెల్టు. అదే తోలు ముక్క. ఎండిపోయి చెక్కలా బిగుసుకుంది గానీ, అదే. చూడగానే నా వీపు చురుక్కుమంది. రామకోటేశ్వరరావు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ బెల్టే లేకపోతే మనమంతా ఏమైపోయేవాళ్ళం రా? దానికి గాజుపెట్టె చేయించి, హెడ్మాస్టరు గదిలో అందరికీ కనబడేలా పెట్టాలని తీర్మానం చేశాం. ఎమర్జెన్సీ పెట్టాక దేశమంతా క్రమశిక్షణ అంటున్న రోజులు. కలెక్టరు గారు వస్తామన్నారు.

తోలు మెత్తబడాలని దాన్ని మిల్లుకు తెచ్చి ఆమోసుకు ఇచ్చాను. మిల్లు బెల్టులన్నీ చూసుకునేది వాడే కదా. ఆముదం పట్టించి దారికి తెస్తానన్నాడు.

ఇక నీ పని. ఆ రోజు బెల్టు గురించి నేను మాట్లాడాలి. నాకు ధాన్యం బేరం మాటలే గానీ మైకు ముందు మాటలు రావు. నువ్వు బతుకంతా చరిత్ర పాఠాలు చెప్పినవాడివి, లోకంలో ఉన్న పుస్తకాలన్నీ చదివినవాడివి. రాసి పంపు. నా వీపు మీద మచ్చ సంగతి మాత్రం తప్పకుండా రావాలి. అవసరమైతే చొక్కా ఎత్తి చూపిస్తాను.

నీ
బసవపున్నయ్య


బెజవాడ,
2 సెప్టెంబరు 1975.

స్వర్ణోత్సవ సంఘాధ్యక్షులు, రైసుమిల్లు యజమానులు, మహారాజశ్రీ బసవపున్నయ్య గారి దివ్య సముఖమునకు,

వద్దంటున్నా వినకుండా నీ నెత్తిన పదవి రుద్దిన ఆ దుర్మార్గులెవరో గానీ, వాళ్ళ మీద కేసు పెట్టదలిస్తే నేను సాక్ష్యానికి వస్తాను. ఎన్ని పదవులు వద్దన్నావో, ఎన్ని నీకు బలవంతంగా అంటగట్టారో నాకు తెలియనిదా.

నా బెల్టు క్షేమం అడిగావు. క్షేమమే. నిలబడితే అది నన్ను హెడ్ కానిస్టేబుల్ని చేస్తుంది, కూర్చుంటే పరుపుచుట్ట చేస్తుంది. దీని పుణ్యాన గడప దాటకుండా వీధి అరుగు మీద కూర్చొని వచ్చేపోయే బెల్టులను చూస్తున్నాను. బెజవాడలో కాలేజీ కుర్రాళ్ళు వీధి ఊడ్చడానికి పనికొచ్చే పంట్లాలు తొడిగి, వాటి మీద అరచేయంత వెడల్పు బెల్టులు పెడుతున్నారు. పంట్లాము జారకుండా కాదు, బిళ్ళ కనబడటానికి. బస్సు కండక్టరు సంచికి బెల్టు. మా వీధి చివర పిండిమర బెల్టు రోజుకొకసారి ఊడి, ఆడవాళ్ళందరికీ మాట్లాడుకునే తీరిక కల్పిస్తుంది. మన కృష్ణా డెల్టా దేశానికి వరి బెల్టు అని జాగ్రఫీ పుస్తకంలో ఉంటే, తిండి లేక కళ్ళు తిరుగుతున్న పిల్లల చేత నేనే వల్లె వేయించాను. ఇక పోలీసుల బెల్టు ఒకటుంది. దాని గురించి ఈ రోజుల్లో ఉత్తరాల్లో రాయకూడదట. క్రమశిక్షణ.

ఇన్ని రకాలు చూశాను గానీ పూలదండ వేయించుకునే బెల్టును మాత్రం చూడలేదు. దేశదేశాల చరిత్రలు చదివాను. కొరడా పట్టుకున్న రాజులు కోకొల్లలు. కొరడాకు గాజుపెట్టె చేయించిన ప్రజలు ఎక్కడా తగల్లేదు. ఆ ఘనత మన సంఘానికి దక్కనున్నందుకు అభినందనలు.

రామకోటేశ్వరరావు కళ్ళనీళ్ళ గురించి ఒక మాట. కరణంగారబ్బాయి ఆ బెల్టును కిటికీలోంచి తప్ప చూసి ఎరగడు. బడిలో చట్టం ఏమిటో మీరంతా మరిచిపోయినట్టున్నారు. ఊళ్ళోంచి వచ్చే పిల్లలు, అంటే హాస్టలుకు బియ్యమో బెల్లమో పంపే ఇళ్ళ పిల్లలు, తప్పు చేస్తే బెంచీ ఎక్కి నిలబడాలి. హాస్టల్లో ఉండి ఆ బియ్యం తినే మేము తప్పు చేస్తే బెల్టు తెచ్చుకోవాలి. తెచ్చుకోవాలి అని తెలిసే రాశాను. దెబ్బలు తినబోయేవాడే హెడ్మాస్టరు గారింటికి వెళ్ళి, "అమ్మగారండీ, బెల్టండీ" అని అడిగి, చేతులు రెండూ చాచి అందుకొని, పళ్ళెంలో హారతి తెచ్చినట్టు బడిదాకా తేవాలి. తిన్నాక తుడిచి, ఆముదం రాసి, తిరిగి అదే మేకుకు తగిలించి రావాలి. తిమోతి గారు అంత పద్ధతిగల మనిషి.

నీ వీపు మచ్చ విషయం మీ అక్కయ్య సీతారావమ్మ గారిని అడుగు. ఆవిడ జ్ఞాపకానికి ఆముదం అక్కర్లేదు.

ప్రసంగం రాయను. చెయ్యి నొప్పి అనుకో.

సొలొమోను


హనుమాన్ జంక్షన్,
25 సెప్టెంబరు 1975.

సొలొమోనూ,

నీ ఉత్తరం చదివి మూడు వారాలు జవాబు రాయబుద్ధి కాలేదు. రిటైరైన మేష్టర్లకు నోరు చేదెక్కుతుందని విన్నాను, నీకు చెయ్యి కూడా చేదెక్కింది.

అక్కయ్యను అడిగాను. మచ్చ అనగానే నా మొహంలోకి చూసి, "ఇప్పుడెందుకురా అవన్నీ" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వయసు మీద పడింది, ఆవిడకేం గుర్తుంటుంది.

నాకు గుర్తుంది. నేను తిమోతి గారి సైకిలు తీసుకుపోయి కాలవలో పడేసిన రోజు. జిల్లా మొత్తానికి అదొక్కటే సైకిలన్నట్టు చూసుకునేవాడాయన. హెడ్మాస్టరు గదిలో కొత్త సున్నం వాసన. బెల్టు గాలిలో లేచినప్పుడు వచ్చే చప్పుడు, దిగినప్పుడు వచ్చే చప్పుడు వేరువేరుగా ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి. నేను ఏడ్చిన ఏడుపు వరండాలో ఉన్నవాళ్ళంతా విన్నారు. నువ్వూ అక్కడే ఉన్నావు. బియ్యం పంపే ఇంటి పిల్లాడు బెంచీ ఎక్కితే చాలని నీ చట్టం. మరి నేనెందుకు ఏడ్చాను? సమాధానం చెప్పు.

ఒక మంచి వార్త. బెల్టును వేదిక మీదికి తెచ్చే గౌరవం ఆమోసుకు ఇస్తున్నాం. నా ఆలోచనే. వెండి పళ్ళెంలో పట్టుబట్ట కప్పి, బ్యాండు మేళంతో వాడే తెచ్చి కలెక్టరు గారికి అందిస్తాడు. చదువు మధ్యలో మానేసినా వాడూ మన బడి పిల్లాడే. బడి మానేసిన మర్నాడే మా నాన్న మిల్లులో పెట్టుకున్నాడు, అప్పట్నుంచీ మా అన్నమే తింటున్నాడు. కొత్త పంచె, చొక్కా నేనే కుట్టిస్తున్నాను. తరవాత కూచిపూడి నుంచి వచ్చే పిల్లల నాట్యం.

సంతోషమేనా?

బసవపున్నయ్య


బెజవాడ,
8 అక్టోబరు 1975.

పున్నయ్యా,

సమాధానం అడిగావు గనక చెబుతున్నాను.

నీ జ్ఞాపకం చాలా చక్కనిది. సున్నం వాసన కూడా సరిపోయింది. ఒక్కటే లోపం. అది నీది కాదు.

ముందు మచ్చ. మనం బడిలో చేరకముందు సంగతి. మీ మిల్లులో ఇంజను బెల్టు జాయింటు ఊడి, ఆ కొస వచ్చి, చొక్కా లేకుండా అక్కడ తిరుగుతున్న నీ వీపు మీద చరిచింది. ఆ సీజనులో మా నాన్న మీ మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. నిన్ను భుజాన వేసుకొని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది ఆయనే. ఎన్నోసార్లు చెప్పేవాడు. పిల్లవాడి నెత్తురు చూసిన బెల్టు మిల్లులో ఉండకూడదని, కాలవలో పారేయమని మీ నాన్నమ్మ పట్టుబట్టిందట. మీ నాన్న పుల్లయ్య గారికి తోలు పారేయడానికి మనసొప్పలేదు. అప్పుడే పెట్టిన మిషను బడికి బహూకరించారు. పెద్ద ముక్క బావి బొక్కెనకు పోయింది. కొస ముక్క తిమోతి గారికి నచ్చింది.

కాబట్టి ఆ బెల్టు నిన్ను కొట్టిన మాట నిజమే. ఒక్కసారి. అప్పటికి దానికింకా చదువు రాలేదు. నిన్ను కొట్టిన నేరానికి దాన్ని మిల్లులోంచి వెళ్ళగొట్టి, మమ్మల్ని కొట్టే ఉద్యోగంలో వేశారు.

ఇక సైకిలు. కాలవలో పడేసింది నువ్వే. తిమోతి గారు నిన్నే పిలిచారు. కానీ హాస్టలు వంటింట్లో ఉన్న బస్తాల మీద మీ మిల్లు ముద్ర ఉంది. అయినా సైకిలు సైకిలే. ఆయన కాసేపు ఆలోచించి, "నీ పక్కన కూర్చునేది ఎవరు?" అని అడిగారు. ఆమోసు అని చెప్పావు. అడిగినదానికి నిజం చెప్పావు, అందులో తప్పు పట్టను. ఆమోసును బెల్టు తెమ్మన్నారు. వాడు వెళ్ళి, అమ్మగారిని అడిగి, చేతులు చాచి తెచ్చాడు. నిన్ను గోడ దగ్గర నిలబెట్టి, "చూసి నేర్చుకో" అన్నారు.

నువ్వు చూశావు. నేర్చుకున్నావు కూడా. గట్టిగా ఏడ్చావు. వరండాలో నేను విన్న ఏడుపు నీదే. వాడు ఏడవలేదు. ఏడ్చినవాడికే దెబ్బలు గుర్తుండిపోయాయి. అందుకే అవి నీవనుకుంటున్నావు.

మర్నాటి నుంచి వాడు బడికి రాలేదు. క్లాసులో నిన్ను "ఒరేయ్ పున్నిగా" అన్నవాడు, మీ మిల్లులో అడుగుపెట్టిన రోజు నుంచి "బాబుగారండీ" అంటున్నాడు. ఆ పాఠం ఎవరూ చెప్పకుండానే వచ్చింది.

మీరు గాజుపెట్టె చేయించుకోండి, వెండిపెట్టె చేయించుకోండి. రామకోటేశ్వరరావును అందులో కూర్చోబెట్టండి. నా చేత ప్రసంగం కూడా రాయించుకో, రాసిస్తాను, మచ్చతో సహా. నేను అడిగేది ఒక్కటే. ఆ బెల్టును ఆమోసు చేతికిచ్చి జనం ముందు నడిపించకు. ఒకసారి మోశాడు, చాలు.

సొలొమోను


హనుమాన్ జంక్షన్,
11 నవంబరు 1975.

సొలొమోనూ,

కార్డే రాస్తున్నాను, పని ఒత్తిడి. సర్కారుకు లెవీ బియ్యం తోలే రోజులు.

ఆహ్వానాలు అచ్చయిపోయాయి. కలెక్టరు గారికి చేరిపోయాయి. అందులో ఆమోసు పేరు ఉంది. ఇప్పుడు మార్చితే రామకోటేశ్వరరావు కారణం అడుగుతాడు. ఏం చెప్పమంటావు?

వాణ్ణి పిలిచి అడిగాను కూడా. నీకేమన్నా అభ్యంతరమా అంటే, లేదండీ అన్నాడు. వాడికి లేని బాధ నీకెందుకు?

నువ్వు రాసినవన్నీ నిజమే అనుకుందాం. వరండాలో నిలబడినవాడివి నువ్వేం చేశావు? వాడు మర్నాడు మిల్లుకొచ్చాడు, నువ్వు మర్నాడు బడికెళ్ళావు. బి.ఏ. చదివావు. బెజవాడలో ఇల్లు కట్టావు. వాణ్ణి ఎప్పుడన్నా తీసుకెళ్ళి నీ దగ్గర పెట్టుకున్నావా? ఈ ముక్క ఏ చరిత్ర పుస్తకంలో ఉందో చూసి చెప్పు.

చలికాలం. శాలువా తెచ్చుకో.

బసవపున్నయ్య


బెజవాడ,
19 నవంబరు 1975.

పున్నయ్యా,

అభ్యంతరం లేదన్నాడా. ఆ రోజు హెడ్మాస్టరు గారు అడిగినా అదే అని ఉండేవాడు. అప్పుడు కనీసం ఎవరూ అడగలేదు.

నేను రావడం లేదు. శాలువా కలెక్టరు గారికి కప్పండి.

సొలొమోను


హనుమాన్ జంక్షన్,
24 జనవరి 1976.

సొలొమోనూ,

ఉత్సవం అయిపోయింది. బాగా జరిగిందని పేపర్లో వేశారు, చూసే ఉంటావు. పేపర్లో వేయనిది రాస్తున్నాను. చదివి నవ్వుకో. నేను ఇంకా నవ్వలేకపోతున్నాను.

బ్యాండు మేళం మోగింది. ఆమోసు కొత్త బట్టల్లో, వెండి పళ్ళెం రెండు చేతులా పట్టుకొని, జనం మధ్యలోంచి నడిచి వచ్చాడు. జనం లేచి నిలబడ్డారు. నేను వాడి కాళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాను. మొహం చూడాలనిపించలేదు. నీ ఉత్తరం వల్లనే, ఇంకేం లేదు.

కలెక్టరు గారు పట్టుబట్ట తీశారు.

అది తిమోతి గారి బెల్టు కాదు సొలొమోనూ. మా మిల్లు కాన్వాసు బెల్టు ముక్క. నిరుడు పాతబడిందని మూలన పడేసింది. మసీ ఆముదమూ కలిపి తోలులా నల్లగా రుద్దాడు. ఒక కొసకు జాయింటు ఇనపక్లిప్పు కూడా అలాగే ఉంది. మన చిన్నప్పుడు ఆ క్లిప్పులే లేవు. తోలు వార్లతో కుట్టేవాళ్ళు. మిల్లువాణ్ణి, నాకు తెలియదా.

ఇంకెవరికీ తెలియలేదు. కలెక్టరు గారు దండ వేశారు. రామకోటేశ్వరరావు దాన్ని కళ్ళకద్దుకొని, "ఈ ఇనప ముక్క నా భుజం మీద వేసిన గుర్తు నేటికీ చెరగలేదు" అని మైకులో చెప్పి ఏడ్చాడు. వాణ్ణి చూసి వెనక వరసల్లో ముసలాళ్ళు ఏడ్చారు. ఒకాయన, ఎవరో నేనెరగను, తన నెత్తురు మరక ఇంకా దాని మీద ఉందని వేలు పెట్టి చూపించాడు. అది ఇంజనాయిలు.

నా వంతు వచ్చింది. ప్రసంగం మా అల్లుడు రాసిచ్చాడు, జేబులో ఉంది. చొక్కా గుండీలు కూడా వదులుగానే పెట్టుకున్నాను. మైకు ముందు నిలబడి చూస్తే, వేదిక చివర మెట్ల దగ్గర ఆమోసు చేతులు కట్టుకొని నావైపే చూస్తున్నాడు. నవ్వడం లేదు. కోపంగానూ లేడు. జాయింటు కుట్టాక ఇంజను స్టార్టు చేసి, నిలుస్తుందా లేదా అని చూస్తాడే, అలా చూస్తున్నాడు.

"ఈ బెల్టు నన్ను ఏనాడూ కొట్టలేదు" అన్నాను. జేబులో కాగితం తీయకుండానే వచ్చి కూర్చున్నాను.

చప్పట్లు ఆగలేదు. ఎంత వినయం అన్నారు కలెక్టరు గారు. 

మర్నాడు ఆమోసును ఆఫీసు గదిలోకి పిలిచాను. అసలు బెల్టు ఏదిరా అన్నాను.

"మిల్లులోనే ఉందండి. రోజూ మీరు చూస్తున్నదేనండి" అన్నాడు.

దసరా ముందు వడ్లు దంచే పెద్ద హల్లరు బెల్టు జాయింటు తెగింది. బయట లెవీ లారీ నిలబడి ఉంది, నేను కేకలేస్తున్నాను. క్లిప్పులూ లేవు, వార్లూ లేవు. "చేతికి మంచి తోలు కనబడిందండి. ఆముదం తాగి మెత్తబడి ఉంది. సన్నగా వార్లు కోసి కుట్టేశాను. మీ లారీ టయానికే వెళ్ళింది కదండీ."

నాతో ఎందుకు చెప్పలేదు అన్నాను.

"మీరు బెల్టు ఉందా అని అడగలేదండి. అభ్యంతరం ఉందా అని అడిగారు. నాకేం అభ్యంతరమండీ, ఉత్త కాన్వాసు ముక్క మోయడానికి."

తలుపుదాకా వెళ్ళి ఆగాడు. "బాబుగారండీ, నిన్న మీరన్నది నిజమేనండి. ఆ ముక్క మిమ్మల్ని కొట్టలేదు" అన్నాడు. అని వెళ్ళి ఇంజను స్టార్టు చేశాడు.

సొలొమోనూ, ఆ జాయింటు పుల్లీ మీదికి వచ్చినప్పుడల్లా ఒక దెబ్బ వేస్తుంది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు నేను వినలేదు. ఇప్పుడు ఆఫీసు గదిలో కూర్చుంటే అదొక్కటే వినబడుతోంది. లేచేటప్పుడు ఒక చప్పుడు, దిగేటప్పుడు ఒక చప్పుడు. లెక్కలు చూసుకోలేకపోతున్నాను. ఆ వార్లు తీసేసి క్లిప్పులు వేయమన్నాను. "ఇంకా గట్టిగానే ఉన్నాయండి, తెగినప్పుడు చూద్దాం" అంటాడు. యజమానిని నేను. గట్టిగా చెప్పవచ్చు. చెప్పలేకపోతున్నాను.

ఏం చేయమంటావు?

పున్నయ్య


బెజవాడ,
29 జనవరి 1976.

ఒరేయ్ పున్నయ్యా,

ఏమీ చేయకు. బెల్టు మార్చకు.

రామకోటేశ్వరరావు ఏడుపు మాత్రం నేను చూసి ఉండవలసింది. ఇంజనాయిలుకు అంతమంది రక్తసంబంధీకులు ఉన్నారని ఏ చరిత్రలోనూ చదవలేదు.

నవంబరు కార్డులో నువ్వొక ప్రశ్న వేశావు. దానికి జవాబు నీకు బాకీ లేను. ఎవరికి బాకీయో వాడితోనే మాట్లాడతాను.

ఆదివారం ప్రార్థన అవగానే బస్సు ఎక్కుతున్నాను. డాక్టరు ప్రయాణం వద్దన్నాడు. బెల్టు బిగించి కట్టుకొని వస్తాను. అన్న వస్తున్నాడని ఆమోసుకు చెప్పు. నా కోసం పని మానుకోవద్దని కూడా చెప్పు. ఆదివారమైనా సరే, ఆ పూట మిల్లు నడుస్తూ ఉండాలి.

నీ ఆఫీసు గదిలో, నీ కుర్చీ పక్కన, నాకూ ఒక కుర్చీ వేయించు.

సొలొమోను